ఉప్పునీటి అక్వేరియం: కొత్త చేపకు వేరే ట్యాంకు
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఇంట్ల నాలుగడుగుల మెరైన్ ట్యాంకు ఉంది. ఒక జత క్లౌన్ ఫిష్ ఏడాది నుంచి మంచిగున్నయి. ఇప్పుడు హైదరాబాద్ నుంచి చిన్న ఎల్లో టాంగ్ తెప్పించాలనుకుంటున్న. షాపాయనను అడిగితే "పది రోజుల సంది మా దగ్గర మంచిగనే ఉంది, సీదా వేసుకోండి" అంటున్నడు. క్వారంటైన్ ట్యాంకు నిజంగ అవసరమా? పెడితే ఎట్ల పెట్టాలె?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అవసరమే. షాపులో పది రోజులు బాగుందన్న మాట మీద భరోసా పెట్టుకోకండి. చాలా షాపుల్లో నీళ్లలో ఉప్పు తక్కువగా ఉంచుతారు, కొందరు కొద్దిగా రాగి మందు కూడా కలిపి ఉంచుతారు. దాంతో పరాన్నజీవి చావదు, అణిగి ఉంటుంది. మీ ట్యాంకులోకి వచ్చాక విజృంభిస్తుంది. అప్పుడు కొత్త చేపతో పాటు మీ క్లౌన్ జత కూడా పోవచ్చు.

మూడంగుళాల లోపు టాంగ్‌కు 24×15×15 అంగుళాల ట్యాంకు చాలు. పదమూడు అంగుళాల ఎత్తుకు నింపితే సుమారు 70 లీటర్లు పడతాయి. గాజు దుకాణంలో చేయిస్తుంటే, బూజు పట్టకుండా మందు కలిపిన సిలికాన్ వాడొద్దని ముందే చెప్పండి. నీళ్లను లెక్క కట్టి కాదు, కొలిచి పొయ్యండి. లీటరు గీతలున్న బకెట్‌తో 70 లీటర్లు పోసి, నీళ్లు ఆగిన చోట గాజు బయట మార్కర్‌తో గీత పెట్టండి. తర్వాత వేసే రాగి మందు మోతాదు కట్టేది ఆ గీతను బట్టే, ఎన్ని నీళ్లు ఆవిరయ్యాయో తెలిసేదీ దానితోనే. అక్వేరియం కోసం అమ్మే మెరైన్ ఉప్పు (వంట ఉప్పు కాదు) 1.025 సాంద్రతకు లీటరుకు 36–38 గ్రాములు, అంటే మొత్తం రెండున్నర కిలోల పైచిలుకు. షాపు నీటి సాంద్రత తక్కువైతే ఉప్పూ తక్కువే పడుతుంది, ఆ సంగతి కింద ఉంది. ముందు రోజే కలిపి ఎయిర్ పంపు ఆడించండి. ఇంటి ఆర్‌వో నీళ్లు వాడేట్టయితే మినరల్ కలిపే భాగాన్ని, టీడీఎస్ కంట్రోలర్‌ను దాటించి పట్టుకోండి. బోరు నీళ్లు నేరుగా వద్దు.

అడుగున ఇసుక వద్దు, రాళ్లు వద్దు. పగడపు ఇసుక, లైవ్ రాక్ (బ్యాక్టీరియా పట్టిన సముద్రపు రాయి) రాగిని పీల్చుకుంటాయి, మందు మోతాదు నిలవదు. చేప దాక్కోవడానికి రెండంగుళాల పీవీసీ పైపు ముక్కలు, ఎల్బోలు, టీలు వేస్తే చాలు. వంద వాట్ల హీటర్, స్పాంజి ఫిల్టర్, ఎయిర్ పంపు పెట్టండి. పైన వల మూత తప్పదు. కొత్త చోట బెదిరిన చేప ఎగిరి బయట పడుతుంది.

క్వారంటైన్‌లో చేపలు చచ్చేది రోగంతోనే కాదు, వాటి విసర్జనతో పుట్టే అమ్మోనియాతో కూడా. కొత్త ట్యాంకులో దాన్ని తినే బ్యాక్టీరియా ఉండదు. అందుకే స్పాంజిని చేప రావడానికి కనీసం నాలుగు వారాల ముందే మీ పెద్ద ట్యాంకు సంప్‌లో (కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) వేసి ఉంచండి. సంప్ లేనివాళ్లు బ్యాక్టీరియా సీసా పోసి, అమ్మోనియం క్లోరైడ్‌తో మేపాలి. కళాయి పెట్టేవాళ్లు వాడే నవసాగరం ఇదే రసాయనం, కాని అది శుద్ధమైనది కాదు, ల్యాబ్ గ్రేడ్ కొనండి. వంద మిల్లీలీటర్ల నీళ్లలో 4.4 గ్రాములు కరిగించి అందులో 10 మిల్లీలీటర్లు పోస్తే 70 లీటర్లలో అమ్మోనియా 2 పీపీఎమ్‌కు (లీటరుకు 2 మిల్లీగ్రాములకు) వస్తుంది. అది 24 గంటల్లో సున్నాకు దిగితేనే చేపకు చోటు సిద్ధమైనట్టు.

ఇక సంచి సంగతి. హైదరాబాద్ నుంచి వచ్చేసరికి సంచి మూసి నాలుగైదు గంటలవుతుంది. చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్‌తో నీటి పీహెచ్ పడిపోతుంది, అంటే నీళ్లు ఆమ్లం వైపు జరుగుతాయి. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు లోపలి అమ్మోనియా (చేప విసర్జించేది) పెద్దగా హాని చెయ్యదు. సంచి విప్పగానే గాలి తగిలి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. విప్పిన సంచిలోకి బొట్టుబొట్టుగా రెండు గంటలు నీళ్లు దింపుతారు, అంతసేపూ చేప ఆ విషంలోనే ఉంటుంది. అలా కాకుండా షాపుకు ఫోన్ చేసి వాళ్ల నీటి సాంద్రత అడగండి. 1.020 అంటే మీ ట్యాంకును కూడా 1.020కే సిద్ధం చేయండి. మూసిన సంచిని పావుగంట తేలనిచ్చి, సంచిలో నీళ్లను రిఫ్రాక్టోమీటర్‌తో (నీటిలో ఉప్పు ఎంతుందో చూపే పరికరంతో) ఒకసారి చూసుకుని, వెంటనే చేపను మాత్రమే తీసి వదలండి. సంచి నీళ్లు పారబోయండి. తర్వాత రోజుకు 0.002 మించకుండా 1.025కు పెంచుకుంటూ రండి.

చేప మేత ముట్టాక, సాధారణంగా రెండు మూడు రోజులకు, కీలేటెడ్ రాగి మందు (రాగి అడుగున పేరుకోకుండా వేరే పదార్థంతో కట్టి ఉంచిన మందు) మొదలుపెట్టండి. మూడు రోజుల్లో 2.25–2.5 పీపీఎమ్‌కు తెచ్చి 30 రోజులు అక్కడే నిలపాలి. మధ్యలో రెండుకు దిగువకు పడితే మళ్లీ ఒకటో రోజే. రంగు మారే కిట్‌లో ఈ తేడా కంటికి అందదు. 0–5 పీపీఎమ్ చదివే డిజిటల్ చెకర్ కొనండి, ఈ సామాన్లన్నిటిలో డబ్బు పెట్టాల్సింది దానిమీదే. అమ్మోనియా రోజూ చూడండి. 0.25 కనిపిస్తే మూడో వంతు నీళ్లు మార్చండి. కొత్తగా పోసే నీళ్లలో కూడా రాగి అంతే ఉండాలి. అమ్మోనియాను కట్టేసే కండిషనర్లు మాత్రం రాగి ఉన్న నీళ్లలో పొయ్యకండి. కొన్ని రాగిని మరింత విషంగా మారుస్తాయి.

ప్రశ్న: టాంగ్ మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లచుక్కలు వచ్చి, అయిదో రోజుకు వాటంతటవే పోయాయి. రోగం తగ్గినట్టేనా?
— పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తగ్గలేదమ్మా. అది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి, ఆ రోగాన్ని మెరైన్ ఇక్ అంటారు. చేప చర్మంలో మూడు నుంచి ఏడు రోజులు తిని, తర్వాత కిందకు రాలి ఇసుకకో రాయికో గుడ్డులాంటి పొర కట్టుకుంటుంది. లోపల వందల పిల్లలు తయారై కొన్ని రోజులకో, వారాలకో బయటికి ఈది మళ్లీ చేపను పట్టుకుంటాయి. రాగి చంపగలిగేది ఆ ఈదే పిల్లలనే. చేప మీద ఉన్నదాన్నీ పొరలో ఉన్నదాన్నీ ఏమీ చెయ్యలేదు. అందుకే నెల రోజుల వైద్యం. ట్యాంకులోని చేపలన్నిటినీ, చుక్కలు లేనివాటిని కూడా, క్వారంటైన్‌కు మార్చండి. పెద్ద ట్యాంకులో 76 రోజులు ఒక్క చేప కూడా ఉండకూడదు. రొయ్యలు, పగడాలు అక్కడే ఉండొచ్చు. రాగి వాటిని చంపేస్తుంది కనుక వాటిని అటు తేవద్దు.

చుక్కలు రవ్వల్లా కాక బంగారు పొడి చల్లినట్టు ఉండి, చేప వెలుతురు తప్పించుకుంటూ, నీటి ప్రవాహానికి ఎదురు నిలబడి గబగబా ఊపిరి తీస్తుంటే అది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి రోగం. దానికి నాలుగు రోజులు ఆగి చూసే వ్యవధి ఉండదు, అదే రోజు రాగిలోకి దించండి. క్లౌన్ ఫిష్ ఒంటి మీద జిగురు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా అనే ఇంకో పరాన్నజీవి అయ్యుండొచ్చు, దానికి రాగి పనిచెయ్యదు.

ప్రశ్న: రాగి మందు ఖరీదు ఎక్కువ. ఎరువుల దుకాణంలో మైలుతుత్తం చవకగా దొరుకుతుంది. అది వాడొచ్చా?
— ఒక పాఠకుడు, జనగామ

జవాబు: వద్దు. మైలుతుత్తంలో పావు వంతే రాగి, కాని అది కీలేట్ కాని రాగి. దాని మోతాదు 0.15–0.20 పీపీఎమ్. పైన చెప్పిన 2.25 అంకె దీనికి వాడితే చేప చస్తుంది. 70 లీటర్లకు కావాల్సింది 55 మిల్లీగ్రాములు. వంటింటి త్రాసు దాన్ని తూచనే తూచదు. పైగా ఉప్పునీళ్లలో పొద్దున వేసింది సాయంత్రానికి అడుగున పేరుకుంటుంది, రోజుకు రెండుసార్లు కొలిచి మళ్లీ వెయ్యాలి. పొలానికి అమ్మే సరుకులో ఇంకేం కలిసి ఉందో సంచి మీద ఉండదు.

ప్రశ్న: ఎండాకాలంలో, కరెంటు పోయినప్పుడు క్వారంటైన్ ట్యాంకును ఎలా కాపాడాలి?
— ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: మేలో మన దగ్గర 43 డిగ్రీలు మామూలే. ట్యాంకును పడమటి గోడకు దూరంగా, ఇంట్లో చల్లటి గదిలో పెట్టండి. నీళ్ల మీదకు చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కాని ఆవిరి పెరుగుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పూ రాగీ అక్కడే ఉండి చిక్కబడతాయి. రోజుకు రెండుసార్లు మార్కర్ గీత వరకు ఉప్పు లేని ఆర్‌వో నీళ్లు పొయ్యండి. కరెంటు పోగానే దానంతటదే ఆడే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తగిలించి ఉంచండి. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది కనుక గాలి ఆగితే స్పాంజిలోని బ్యాక్టీరియా, చేప రెండూ దెబ్బతింటాయి. ఆ పూట మేత వెయ్యకండి.