చేతులెత్తి స్తుతిస్తే సంఘం మారినట్టేనా?

ప్రశ్న: మాది తాతల నాటి నుంచి ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) కుటుంబం. మా అమ్మాయి కొన్ని నెలలుగా మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, జరిగే కరిష్మాటిక్ కూడికకు (పరిశుద్ధాత్మ వరాలు కోరుతూ చేతులెత్తి స్తుతించే ప్రార్థన సభకు) వెళ్తోంది. భాషల్లో (ఆత్మ ప్రేరణతో, తనకు తెలియని మాటల్లో) ప్రార్థిస్తోందని తెలిసి, పెంతెకొస్తులో కలిసిపోయిందంటున్నారు బంధువులు. ఇప్పుడు పరిశుద్ధాత్మ నింపుదల కోసం సిద్ధపరిచే ఆత్మాభిషేక తరగతులకు పేరిచ్చింది. పంపవచ్చా?
– ఒక తల్లి, గుణదల, విజయవాడ

జవాబు: నిశ్చింతగా పంపండమ్మా. పెంతెకొస్తు ఉద్యమం 1906లో లాస్ ఏంజెలిస్‌లోని అజూసా వీధిలో విలియం సీమోర్ నడిపిన కూడికల నుంచి దేశదేశాలకు పాకింది. అలా ఆత్మాభిషేకం పొంది భాషల్లో మాట్లాడే అనుభవం కలిగినవాళ్లు పాత సంఘాల్లో ఇమడలేక చాలాచోట్ల వేరే సంఘాలు కట్టుకున్నారు. కరిష్మాటిక్ ఉద్యమం దారి వేరు. 1960లో కాలిఫోర్నియాలో ఎపిస్కోపల్ (అమెరికాలోని ఆంగ్లికన్) సంఘ గురువు డెన్నిస్ బెన్నెట్ తనకు ఆ అనుభవం కలిగిందని ఆదివారం ఆరాధనలోనే చెప్పారు. ఆ విచారణ విడిచిపెట్టాల్సి వచ్చింది గానీ తన సంఘాన్ని మాత్రం విడవలేదు. 1967 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్‌లోని డుకేన్ విశ్వవిద్యాలయం విద్యార్థుల ధ్యానకూటంతో కతోలికుల్లోనూ మొదలైంది. 1975లో ఆరవ పౌలు పోపుగారు రోములో వాళ్ల మహాసభలో మాట్లాడారు. పూజ, జపమాల, పాపసంకీర్తనం వదలకుండానే కృపావరాలు (భాషలు, ప్రవచనం, స్వస్థత వంటి ఆత్మ వరాలు) కోరుకోవచ్చని నిలబెట్టడమే ఈ ఉద్యమం చేసిన పెద్ద పని. అందుకే అమ్మాయి చేతులెత్తుతోందా అని కాదు, ఆదివారం పూజకు వెళ్తోందా అని చూడండి.

ఆ తరగతులు మామూలుగా ఏడు వారాలు. మొదటి నాలుగూ బోధ. అయిదో వారం తలపై చేతులుంచి ప్రార్థిస్తారు. తేడా వచ్చేది ఇక్కడే. ‘నేను పలికినట్టు పలుకు’ అని కొందరు నాయకులు తొందరపెడతారు. అది తప్పు. భాషలు రానివాళ్లేమో లోపం తమలోనే ఉందని కుంగిపోతారు. అందరూ భాషల్లో మాట్లాడతారా అని పౌలు భక్తుడే అడిగాడు కదా (1 కొరింథీ 12). ఆరు, ఏడు వారాలు ఆత్మీయ ఎదుగుదలకు. వాటిని ఎగ్గొట్టినవాళ్లు ఆవేశం చల్లారగానే జారిపోతుంటారు. అమ్మాయిని చివరిదాకా ఉండమనండి.

అదే పత్రిక 14వ అధ్యాయం ఇంకో లెక్క చెబుతుంది: సభలో భాషల్లో మాట్లాడేది ఇద్దరు, మించితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు. అర్థం చెప్పేవారు లేకపోతే మౌనం. ప్రవచనాన్ని, అంటే దేవుని మాటగా ఎవరైనా చెప్పేదాన్ని, మిగతావాళ్లు వివేచించాలి. స్తుతి అయ్యాక కీబోర్డు, డ్రమ్ములు ఆపి కాసేపు నిశ్శబ్దంగా ఉంటే తప్ప అది కుదరదు. ‘ఫలానా సంబంధం ఖాయం చేసుకో’, ‘పొలం అమ్మెయ్’ అంటూ ఎవరైనా ప్రవచిస్తే నమ్మి అడుగు వేయకండి, వెంటనే విచారణ గురువులకు చెప్పండి.

ప్రశ్న: మా మామగారికి షుగర్. స్వస్థత కూడికలో ప్రార్థన చేయించుకున్నాక ఇన్సులిన్ మానేస్తానంటున్నారు. వద్దంటే అవిశ్వాసమా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: కానే కాదు. ఒక్క పూట కూడా మాననివ్వకండి. ఇన్సులిన్ ఆపేస్తే ఒంట్లో ఆమ్లాలు పేరుకుని వాంతులు, ఆయాసం, స్పృహ తప్పడం దాకా కొద్ది రోజుల్లోనే రావచ్చు. మొదట్లో బాగానే ఉన్నట్టనిపించడంతో మోసపోతారు. యేసుప్రభువు పదిమంది కుష్ఠురోగులను యాజకుల దగ్గరికి వెళ్లి కనబరచుకోమన్నారు (లూకా 17). నయమైందో లేదో చూసి తేల్చేది ఆ రోజుల్లో యాజకులే. ఇప్పుడది డాక్టరు పని. ప్రార్థన ఆపనక్కర్లేదు. పరగడుపున, తిన్నాక రెండు గంటలకు చూసిన రీడింగులు పుస్తకంలో రాసిపెట్టండి. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించి రెండూ డాక్టరుకు చూపించండి. డోసు తగ్గించాల్సి ఉంటే ఆయనే తగ్గిస్తారు. మామగారు సంఘంలో సాక్ష్యం చెప్పదలిస్తే ఆ రిపోర్టు చేతికొచ్చాక చెప్పవచ్చు.