రికార్డు దించేముందు ఒక్క మాట

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

బి.ఇడి.లో బడికెళ్లి పాఠాలు చెప్పే ఇంటర్న్‌షిప్ ముగిసిందని, నీ క్లాసులు బాగున్నాయని హెడ్‌మాస్టరు గారు అన్నారని మీ అమ్మ ఫోన్లో ఒకటే మురిసిపోయింది. నాకూ సంబరంగానే ఉంది. కానీ సీనియర్ల రికార్డులు తెచ్చుకుని, రెండు రాత్రుల్లో అన్నీ దించేసి టెట్ (టీచరు అర్హత పరీక్ష) కోచింగ్‌లో చేరతానన్నావట! అందుకే ఈ ఉత్తరం.

పీరియడ్ ప్లాన్లలో తేదీలు సరిచూసుకో. పరిశీలన రికార్డులో మిగిలిన సంతకాలు ఈ వారమే చేయించుకో. సాధన పరీక్ష బ్లూప్రింటులో, అంటే ఏ అంశానికి ఎన్ని మార్కులో చూపే పట్టికలో, మార్కులు అడ్డంగా కూడినా నిలువుగా కూడినా ఒకటే రావాలి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా బెంగంతా రిఫ్లెక్టివ్ జర్నల్ మీద, అదే, చెప్పిన పాఠం ఎలా సాగిందో నీకు నువ్వే ఆలోచించి రాసుకునే పుస్తకం మీద. "పాఠం సంతృప్తికరంగా జరిగింది, విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు, సమయం చాలలేదు." ఎవరి రికార్డు తెరిచినా ఇదే పాట. బి.ఇడి. ఏడాది కోర్సుగా ఉన్నప్పుడు సమయం చాలలేదంటే ఒప్పుకోవచ్చు. 2015 నుంచి రెండేళ్లు చేసి ఇంటర్న్‌షిప్‌కే 20 వారాలు ఇచ్చారు, అందులో 16 రెండో ఏడాదిలోనే. ఇంకా చాలలేదంటే ఎలాగే పిల్లా?

జర్నల్లో పిల్లల తప్పులు కనపడాలి. నీ ఏడో తరగతి దశాంశాల పేపర్లు ఇంకా నీ దగ్గరే ఉన్నాయన్నావు కదా, పెద్ద కాగితం మీద పట్టిక గీసుకో. ఒక్కో అడ్డ వరుస ఒక్కో పిల్లకి, ఒక్కో నిలువు వరుస ఒక్కో ప్రశ్నకి. గడిలో రైటు, ఇంటూ పెట్టకు. పిల్ల ఏం రాసిందో అదే ఎక్కించు. అందరూ చేసే పొరపాటు ఇక్కడే ఉంది. మార్కు చూస్తే ఎంత తప్పిందో తెలుస్తుంది, ఎందుకు తప్పిందో తెలియదు.

0.5, 0.35లో ఏది పెద్దదని అడిగావనుకో. 0.35 అన్న పిల్ల చుక్క తర్వాత 35ని, 5ని పక్కపక్కన పెట్టి చూసింది. ధరలు ఎప్పుడూ 5.50 అనే చూసిన కంటికి చుక్క వెనక ఉన్నవి పైసలు. 5 పైసల కంటే 35 పైసలు ఎక్కువేగా. క్రికెట్ ఇంకా తికమక పెడుతుంది: 4.5 ఓవర్ల తర్వాత బంతి పడితే 5 ఓవర్లే, 4.6 అనేది లేదు. సరే, 0.5 అన్న పిల్లకి వచ్చేసిందని మార్కు వేసేశావా? ఆగు. వందో వంతు పదో వంతు కంటే చిన్నది కాబట్టి చుక్క తర్వాత అంకెలు పెరిగితే సంఖ్య తగ్గుతుందనుకునే పిల్లలూ ఉంటారు. వాళ్లూ 0.5 అనే రాస్తారు. జవాబు ఒప్పు, ఆలోచన తప్పు. అందుకని 0.75, 0.6 కూడా అడగాలి. మొదటి రకం పిల్ల ఇక్కడ ఒప్పు రాస్తుంది, రెండో రకం పిల్ల 0.6 పెద్దదంటుంది. రెండు జతలూ కలిపి చూస్తేనే ఎవరిది ఏ తికమకో బయటపడుతుంది. నీ ప్రశ్నపత్రంలో రెండో జత లేకపోతే, లేదనే జర్నల్లో రాయి. కమ్మగా ఉండే పది వాక్యాల కంటే ఆ ఒక్క వాక్యానికే నేనైతే మార్కులు వేస్తాను.

వెనక సున్నా చేర్చి 0.50, 0.35 పోల్చమంటే క్లాసంతా ఒప్పే చెబుతుంది. దానికి మోసపోకు. 0.35కీ 0.36కీ మధ్య సంఖ్య ఉందా అని అడిగి చూడు, సగం మంది లేదంటారు. గ్రాఫ్ కాగితం మీద పది పదుల గళ్ల చదరం గీయించి 50 గళ్లు, 35 గళ్లు రంగు వేయించాకే సున్నా సంగతి ఎత్తాలి.

నీ క్లాసులో సమస్యకి నువ్వే ఓ మార్గం ప్రయత్నించి, ముందూ తర్వాతా పరీక్ష పెట్టి చూసే యాక్షన్ రీసెర్చ్‌లో ఇంకో గొయ్యి ఉంది. ముందు పరీక్ష 32 మంది, తర్వాతది 27 మంది రాశారనుకో. రాని అయిదుగురి సగటు 20కి 4, మిగతావాళ్ల సగటు 12 అయితే ముందు సగటు 10.75. ఆ 27 మందికి ఒక్క మార్కు పెరగకపోయినా తర్వాతి సగటు 12 అవుతుంది. నువ్వేమీ నేర్పకుండానే ఒకటింబావు మార్కు పెరిగినట్టు! రెండు పరీక్షలూ రాసినవాళ్లనే లెక్కలోకి తీసుకో. పెరగకపోతే పెరగలేదనే రాయి, అంకెలు మాత్రం వండకు.

ఒక్క పిల్లవాణ్ణి దగ్గరగా గమనించి రాసే కేస్ స్టడీలో వాడి పేరు రాయకు. వాళ్ల నాన్న తాగుతాడని స్టాఫ్‌రూంలో ఎవరో అన్న మాట అసలే వద్దు. ఎన్ని రోజులు రాలేదో హాజరుపట్టీ చూసి రాయి, హోంవర్కులో ఎక్కడ ఆగిపోతున్నాడో రాయి. నీది మెత్తని మనసు, జాలిపడి ఉన్నవీ లేనివీ రాసేస్తావని నా భయం.

టెట్ రెండో పేపర్లో 150కి 60 గణితం, సైన్సువి, మరో 30 శిశువికాసం, పెడగాజీ (బోధనా పద్ధతులు)వి. ఈ పట్టిక వేసిన శ్రమ అక్కడికీ పనికొస్తుంది, కోచింగ్ వారం ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు.

పేపర్లు స్కూలువి, తిరిగి ఇచ్చెయ్. పట్టిక జిరాక్సు ఒకటి లెక్కల సారుకి ఇవ్వు, ఇక ఆ పిల్లల్ని చూసుకోవాల్సింది ఆయనేగా. వెళ్లేటప్పుడు సంచిలో గ్రాఫ్ కాగితాలు పెట్టుకో. వాళ్లు నిన్ను చూస్తే ఒక పీరియడైనా చెప్పించుకోకుండా వదలరు.

మీ పెద్దమ్మ