పారేయొద్దు, ముందు మూత విప్పండి

ప్రశ్న: సార్, మాది కడప, ఎర్రముక్కపల్లె. మా ఆయన 2014లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌నే ఇంకా వాడుతున్నాం. నాలుగో తరం ఐ3, హెచ్81 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. నేను ఇంట్లోనే నాలుగైదు అంగళ్ల లెక్కలు టాలీలో రాస్తాను. పొద్దున స్విచ్ వేసి, పాలు కాచి, కాఫీ తాగి వచ్చినా అది ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఉన్నట్టుండి ఆగిపోతుంది. రెండు రోజులు ఊరెళ్లి వస్తే తేదీ ఎక్కడికో వెనక్కి పోయి, జీఎస్టీ సైట్ తెరుచుకోదు. రిపేరు అంగడిలో అడిగితే ‘పాత ఇనుముకు వేసేయండక్కా, కొత్తది తీసుకోండి’ అన్నారు. పిల్లల ఫీజులు కట్టాల్సిన నెల, కొత్తది మావల్ల కాదు. దీన్నే బాగు చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: చేసుకోవచ్చమ్మా. మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు, వాటిలో రెండింటికి పెద్ద ఖర్చే లేదు.

తేదీ సంగతి ముందు చూద్దాం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సెల్ ఒకటి ఉంటుంది, దాని పేరు సీఆర్2032, కరెంటు తీసేసినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. పదేళ్లు దాటింది కాబట్టి అయిపోయింది. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ ఆ సైట్ భద్రతా సర్టిఫికెట్‌ను నమ్మదు, అందుకే జీఎస్టీ తెరుచుకోలేదు. వాచీల అంగట్లో కూడా ఈ సెల్ దొరుకుతుంది, మార్చి ఒకసారి తేదీ సరిచేస్తే చాలు.

మధ్యాహ్నం ఆగిపోవడం ఎక్కువగా వేడి వల్లే. కడపలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, దుమ్ముతో మూసుకుపోయిన కూలర్ (ప్రాసెసర్ మీద కూర్చునే ఫ్యాన్) ప్రాసెసర్ వేడిని బయటికి పంపలేదు, కాలిపోకుండా అది తనంతట తానే ఆగిపోతుంది. వైరు పీకేసి, పక్క మూత విప్పి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులపండి, గాలి కొట్టేటప్పుడు మాత్రం ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్టు ఇన్నేళ్లకు ఎండిపోయి ఉంటుంది, పాతది తుడిచి బియ్యపు గింజంత కొత్తది పెట్టాలి. కూలర్‌ను పట్టుకునే ప్లాస్టిక్ పిన్నులు పాతబడి సులువుగా విరుగుతాయి, కాబట్టి ఈ ఒక్క పనీ తెలిసినవాళ్ల చేత చేయించండి. లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బాను మాత్రం ఎవరు చెప్పినా మీరు విప్పొద్దు, వైరు పీకినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. ఇదంతా చేసినా ఆగిపోతుంటే ఆ డబ్బానే అనుమానించాలి.

ఇక అసలు నెమ్మది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో డిస్క్ 100 శాతం దగ్గరే నిలిచిపోయి ఉందేమో చూడండి. ఉంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు, హార్డ్ డిస్క్‌ది. హార్డ్ డిస్క్‌లో రేకు గిర్రున తిరుగుతుంటే ఒక సూది అటూ ఇటూ వెతుక్కుంటూ పోవాలి, విండోస్ మొదలయ్యేటప్పుడు వేల కొద్దీ చిన్న ఫైళ్లు అడుగుతుంది. దాని బదులు ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్పుల్లో డేటా దాచే డిస్క్, వేయించుకోండి, అందులో తిరిగేదేమీ లేదు. మీ బోర్డులో సన్నటి ఎమ్2 పుల్ల పట్టే చోటు ఉండదు, 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అని అడగండి, లెక్కలకు 240 జీబీ సరిపోతుంది. హెచ్81లో సాటా పోర్టులు (డిస్క్ వైరు తగిలించే చోట్లు) అన్నీ ఒక వేగానివి కావు, రెండింటికే సెకనుకు 6 గిగాబిట్ల వేగం, వాటిలో ఒకదానికే తగిలించమనండి. పాత హార్డ్ డిస్క్‌ను తీసేయక్కర్లేదు, సామాన్ల గది లాగా పక్కన ఉండనివ్వండి. కానీ ఏ పనీ మొదలుపెట్టకముందే టాలీ డేటా బ్యాకప్ పెన్ డ్రైవ్‌లోకి తీసి, ఇంకో కాపీ వేరే చోట పెట్టండి, పదేళ్ల డిస్క్ ఏ రోజైనా మొండికేయొచ్చు, ఆ లెక్కలు మీవి మాత్రమే కావు.

ర్యామ్ కూడా ఇంకో 4 జీబీ వేస్తే బాగుంటుంది. మీ బోర్డుకు పట్టే ర్యామ్ రకం డీడీఆర్3, డెస్క్‌టాప్‌ది అని గట్టిగా చెప్పండి, డీడీఆర్4 గాడి వేరే చోట ఉంటుంది, దూరదు. సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు, పెట్టి చూపించాకే డబ్బివ్వండి. అయితే చేతిలో ఒక్కదానికే డబ్బుంటే ఎస్‌ఎస్‌డీయే కొనండి, రేపు కొత్త మెషీన్ తీసుకున్నా అది మీతో వస్తుంది, డీడీఆర్3 రాదు.

ఒక్క విషయం దాచను. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబర్ వరకు భద్రతా అప్‌డేట్ల పొడిగింపు ఇచ్చారు, అప్‌డేట్ సెట్టింగ్స్‌లో నమోదు చేసుకోవాలి. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. మీ బోర్డుకు పట్టే ఐ5 కూడా నాలుగో తరానిదే, అందుకే ఐ5 ప్రాసెసర్ మార్చుకుందామని ఎవరైనా ఆశ పెడితే వద్దనండి, ఆ డబ్బు కొత్త మెషీన్‌కు దాచుకోండి.

ప్రశ్న: ఇలాంటి పాత సిస్టమ్‌కే మా అబ్బాయి గ్రాఫిక్స్ కార్డ్ అడుగుతున్నాడు. వేయించమంటారా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: ముందు ఎస్‌ఎమ్‌పీఎస్ మీద కంపెనీ పేరూ, వాట్లూ చూడండి. బోర్డు స్లాట్ నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు, అంతకు మించి లాగే కార్డుకు విడిగా పవర్ వైరు కావాలి, క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన డబ్బా అది మోయలేకపోతే బోర్డును కూడా లాక్కుపోతుంది. విడి వైరు అక్కర్లేని చిన్న కార్డు అయితే సరే. దానికి కూడా ముందు ఎస్‌ఎస్‌డీ వేయించి, బాబును ఓ నెల వాడి చూడమనండి.