రాకడ శ్రమలకు ముందా, తర్వాతా? మా ఇంట్లో ఏళ్ళ తరబడి సాగుతున్న వాదన

మీరు అడిగింది ఇదీ: మీ పుట్టింటివాళ్ళు లూథరన్, అత్తగారింటివాళ్ళు స్వతంత్ర సంఘానికి వెళతారు. క్రీస్తు రెండో రాకడలో, లోకం మీదికొచ్చే ఏడేళ్ళ శ్రమలకు ముందే సంఘం, అంటే విశ్వాసులందరూ, ఆకాశంలోకి ఎత్తబడుతుందని అక్కడ చెబుతున్నారు, మీరు చిన్నప్పటి నుంచి అలా వినలేదు. పైగా "రాకడ ఇక రెండు మూడేళ్ళే, పాప పేరు మీద ఇన్సూరెన్స్ కట్టడం ఎందుకు" అని మీ ఆయన అంటున్నారు. ఎవరిది కరెక్ట్?

నేను పాస్టర్‌ని కాదు, బైబిల్ కాలేజీ గడప తొక్కలేదు. కాకపోతే ఈ గొడవ మా ఇంట్లో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. మాది గుంటూరు బ్రాడీపేట, నాన్న వైపు అందరూ తాతల కాలం నుంచి లూథరన్. అమ్మ చెల్లెలిని, అంటే మా పిన్నిని, విజయవాడ సింగ్‌నగర్ ఇచ్చారు. బాబాయి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. వాళ్ళ మందిరంలో రాకడ గురించి మాట్లాడని ఆదివారం ఉండదు.

ముందు డబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో అసలు ఇబ్బంది అక్కడే ఉందనిపించింది.

1999లో వాళ్ళ పేటలో మూడు రాత్రులు కూటాలు పెట్టారు. నాకు పందొమ్మిదేళ్ళు, పిన్నివాళ్ళింట్లో ఉండి రెండో రాత్రి వెళ్ళాను. వేరే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఒకాయన స్టేజీ వెనక పెద్ద గుడ్డ చార్టు కట్టించాడు. దానియేలు రెండో అధ్యాయంలోని ప్రతిమ: బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి పొట్ట, ఇనుప కాళ్ళు, మట్టి కలిసిన పాదాలు. ఆ పాదాల వేళ్ళ మీద కర్రతో టకటకా కొట్టి "మనం ఇక్కడున్నాం!" అన్నాడు. ప్రభువుకి ఒక దినం వెయ్యేళ్ళలాంటిదని పేతురు రాశాడు కాబట్టి, సృష్టి ఆరు దినాలు ఆరువేల ఏళ్ళట. క్రీస్తుకు పూర్వం 4004లో సృష్టి, రెండువేలకి లెక్క సరి.

ఆ నెలలోనే బాబాయి గోరంట్లలో రెండొందల గజాల స్థలం అమ్మేశాడు. అది పిన్నికి మా తాతయ్య పసుపు కుంకుమ కింద ఇచ్చింది. కొంత కానుకగా ఇచ్చాడు, మిగతాది ఎటు పోయిందో ఆయనకే తెలియదు. మా పెదనాన్న లెక్కల మాస్టారు. విషయం తెలిసి తల పట్టుకుని, "ఒరే, క్రీస్తుపూర్వం 4004 నుంచి లెక్కేస్తే ఆరువేలు 1997కే నిండిపోయాయి కదరా, సున్నా సంవత్సరం లేదు కదా. ఆ కూడిక కూడా రాలేదా ఆయనకి" అన్నారు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి వాళ్ళ మందిరానికే వెళ్ళాను. పన్నెండు కొట్టింది. బయట టపాసులు. లోపల అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు, కాసేపు ఎవరూ తెరవలేదు. తర్వాత ఎవరో దగ్గారు, ఎక్కడో పసిపిల్ల ఏడ్చింది, టీ గ్లాసుల ట్రే వచ్చింది. బాబాయి మాత్రం వాచీ చూసుకుని నా చెవిలో "యెరూషలేములో ఇంకా ఎనిమిదిన్నరేరా" అన్నాడు. తెల్లవారుజామున మూడున్నర దాకా, అంటే అక్కడ పన్నెండయ్యేదాకా, కదలలేదు మనిషి.

2014లో రాజధాని ఇటే అన్నాక ఆ స్థలాల రేట్లు ఏమయ్యాయో మీకు చెప్పక్కర్లేదు. పిన్ని ఒక్క మాట కూడా అనదు. గోరంట్ల మీదుగా బస్సు వెళ్తుంటే అటు కిటికీ వైపు కూర్చుంటుందంతే. ఆ రిజిస్ట్రేషన్ కాగితం జిరాక్స్ బాబాయి బైబిల్లో మత్తయి 24 దగ్గర ఇప్పటికీ ఉంది.

ఇక మీ ప్రశ్న. శ్రమలకు ముందా, తర్వాతా?

శ్రమలకు ముందు రహస్యంగా ఒకసారి, తర్వాత బహిరంగంగా ఒకసారి అని రాకడను రెండు దశలుగా చెప్పే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు జాన్ నెల్సన్ డార్బీ అనే బైబిల్ బోధకుడు. అది 1830ల మాట. తర్వాత 1909లో స్కోఫీల్డ్ అనే అమెరికా పాస్టరు నోట్స్‌తో అచ్చయిన బైబిల్ దాన్ని ఇంటింటికీ చేర్చింది. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. అంటే మన ఊళ్ళో లూథరన్ మిషను మొదలయ్యేనాటికి ఆ బోధ వయసు పట్టుమని పదిహేనేళ్ళు కూడా లేదు. లూథరన్లకి 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ఉంది. పునరుత్థానానికి ముందే నీతిమంతులు ఈ లోకాన్ని ఏలుతారన్న మాటను దాని 17వ అంశం ఒప్పుకోదు. మీరు చిన్నప్పుడు వినకపోవడానికి కారణం అదే. మీ పాస్టరు గారు దాచిపెట్టలేదు.

అలాగని కొత్తది కాబట్టి తప్పు అనేయకండి, పిన్ని ఊరుకోదు. ఆమె దగ్గర వాక్యాలున్నాయి: దేవుడు మనల్ని ఉగ్రతకు నియమించలేదని 1 థెస్సలొనీక 5:9, శోధన కాలంలో కాపాడతానని ప్రకటన 3:10. పెదనాన్న దగ్గరా ఉన్నాయి: "ఆ దినముల శ్రమ ముగిసిన వెంటనే" అని మత్తయి 24:29, ముందు పాపపురుషుడు, అంటే క్రీస్తు విరోధి, బయలుపడాలని 2 థెస్సలొనీక 2:3. ప్రకటన 20లో చెప్పిన క్రీస్తు వెయ్యేళ్ళ పాలన మీద తేడా ఇంకా పాతది. రెండో శతాబ్దంలో జస్టిన్, ఐరేనియస్ అనే సంఘ బోధకులు దాన్ని అక్షరాలా నమ్మారు. తర్వాత వచ్చిన బిషప్ అగస్టీన్ అయితే ఇప్పుడు నడుస్తున్న సంఘ కాలమే ఆ వెయ్యేళ్ళు అన్నాడు. వీళ్ళెవరూ బైబిల్ చదవనివాళ్ళు కారు.

నన్ను మాత్రం ఒక పెళ్ళి కదిలించింది. పిన్ని కూతురిదే. పెళ్ళికొడుకువాళ్ళు తెనాలి నుంచి బస్సులో వచ్చారు, సందు చివర బస్సు ఆగింది. మేమందరం బ్యాండుతో అక్కడిదాకా వెళ్ళాం. పిన్ని చేతిలో పన్నీరు బుడ్డి, నా చేతిలో శీతల పానీయాల ట్రే, కరిగిన ఐసు నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. వాళ్ళని వెంటబెట్టుకుని ఇంటివైపు తిరిగాం. పక్కనే నడుస్తున్న పెదనాన్న ఉన్నట్టుండి పిన్నితో, "చూశావా అమ్మాయ్, ఇదీ 1 థెస్సలొనీక 4:17" అన్నారు.

ఆయన చెప్పింది ఇదీ. ఆ వచనంలో మన తెలుగు బైబిల్ "ప్రభువును ఎదుర్కొనుటకు" అంటుంది. పదిమంది కన్యకల ఉపమానంలో పెండ్లికుమారుణ్ణి ఎదుర్కోవడానికి వెళ్ళేదీ ఇదే మాట. అపొస్తలుల కార్యములు 28లో పౌలు కోసం రోమా సహోదరులు దారిలోకి వచ్చిందీ ఇందుకే. గ్రీకులోనూ ఈ మూడు చోట్లా ఒకటే పదం. రోమా వాళ్ళు పౌలుకు ఎదురెళ్ళి అక్కడి నుంచి ఆయనతో కలిసి రోమాకే వచ్చారు, పౌలుతో ఇంకెక్కడికో పోలేదు. "ఎదుర్కోలుకి వెళ్ళినవాళ్ళు పెళ్ళికొడుకుతో కలిసి తెనాలి బస్సెక్కరు కదమ్మా! ఇంటికి తీసుకొస్తారు. ప్రభువు వస్తున్నది ఇక్కడికి."

నాకు ఒళ్ళు జలదరించింది. ఇంక వాదన అయిపోయిందనుకున్నాను. పిన్ని పన్నీరు చల్లుతూనే, "అలాగే బావగారూ, తిన్నగా మండపానికి తీసుకెళ్తున్నామా? ముందు విడిది. విడిదిలో కాసేపు ఉన్నాకే కదా పెళ్ళి. ఆ విడిదే మా ఏడేళ్ళు" అంది.

పెదనాన్న నాలుగడుగులు మాట్లాడకుండా నడిచి, "విడిది కూడా మన ఊళ్ళోనే కదమ్మా ఇచ్చేది" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పెదనాన్న వైపే, కానీ విడిది మాటకి సరైన జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ తేడాతో మీరు, మీ అత్తగారు ఒకే ఇంట్లో హాయిగా బతకొచ్చు. తేదీ చెప్పేవాడి సంగతి వేరు. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మత్తయి 24:36లో ఉన్నా లెక్కలు ఆగలేదు. దానియేలు 8:14లోని 2,300 దినాలను ఏళ్ళుగా మార్చి విలియం మిల్లర్ అనే ప్రసంగీకుడి అనుచరులు అమెరికాలో 1844 అక్టోబరు 22 అన్నారు. కొందరు పంట కోయకుండా వదిలేశారు. ఆ రోజు మామూలుగా గడిచిపోయింది. అలా భంగపడినవాళ్ళలో కొందరి నుంచే సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం పుట్టింది. వాళ్ళిప్పుడు తేదీలు చెప్పరు, మన నూజివీడులో గిఫర్డ్ ఆసుపత్రి నడుపుతున్నారు. తర్వాత 1948లో ఇశ్రాయేలు ఏర్పడింది కాబట్టి ఒక తరం నలభై ఏళ్ళు కలిపి కొందరు 1988 అన్నారు. అమెరికా రేడియో ప్రసంగీకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, అది దాటాక అక్టోబరు 21 అన్నాడు.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. ఆధార్‌కి వేలిముద్ర ఇచ్చినప్పుడు ప్రకటన గ్రంథంలోని మృగం ముద్ర 666 ఇదే అన్నారు, కరోనా టీకాకీ అదే అన్నారు. పిన్ని టీకాకి భయపడితే బాబాయే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి వాళ్ళ కింది ఇల్లు మునిగింది, రెండు రోజులు మేడ మీదే ఉన్నారు. కరెంటు లేదు, ఫోన్లో ఉన్న కాస్త చార్జింగుతో నాకు కాల్ చేసి, "వరదలు అంత్యదినాల సూచనలని ఎవరో వాయిస్ మెసేజ్ పెట్టారురా, అది వినడానికే సగం చార్జింగ్ అయిపోయింది. మంచినీళ్ళ పడవ ఎటు వస్తుందో కనుక్కుని చెప్పు" అంది. ఎత్తబడుట శ్రమలకు ముందేనని ఆమె ఆ రోజూ నమ్మింది, ఇవాళా నమ్ముతోంది.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు ప్రకటన గ్రంథంతో మొదలుపెట్టకండి, గొడవ తెగదు. 2 థెస్సలొనీక తెరవండి, మూడు అధ్యాయాలే. ప్రభువు దినం వచ్చేసిందని పౌలు పేరుతో ఏదో ఉత్తరం తిరిగిందట, జనం కంగారుపడ్డారు. పౌలు కంగారుపడొద్దన్నాడు. ఆ సంఘంలోనే పని మానేసి తిరుగుతున్నవాళ్ళుంటే, పని చెయ్యనన్నవాడు తినకూడదని చివరి అధ్యాయంలో గట్టిగా చెప్పాడు. ఇద్దరూ కలిసి చదవండి. తర్వాత "మీ పాస్టరు గారు మందిరం స్థలానికి ఎన్నేళ్ళ లీజు రాయించుకున్నారు?" అని నెమ్మదిగా అడగండి. ఇది పెదనాన్న నేర్పిన ప్రశ్న, ఆయన నవ్వుతూ అడిగేవారు. మీరూ అలాగే అడగండి, ఎత్తిపొడుపులా ఉంటే పని జరగదు.

పాప ముందు మాత్రం ఈ మాటలొద్దు. ఇంటికొచ్చేసరికి అమ్మ కనిపించకపోతే ఎత్తబడిపోయిందేమో, నన్ను వదిలేసిందేమో అని మా చెల్లి ఏడ్చిన రోజులు నాకు గుర్తున్నాయి.

ప్రీమియం గడువు ఎప్పుడో చూసి ఈ నెల కట్టేయండి.