ఒక పక్కకి ఒరిగిన కారు

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మా ఎయిర్ సస్పెన్షన్ కారు కళింగపట్నం వెళ్లొచ్చాక వెనక ఎడమ పక్క దిగిపోయింది. మెకానిక్ ఎయిర్ బ్యాగు (స్ప్రింగు బదులు కారు బరువు మోసే గాలి తిత్తి) మార్చాలంటున్నాడు. మార్చేయాలా?

జవాబు: ఆగండి, అంత ఖర్చు ఇప్పుడే వద్దు. రాత్రి నిలిపితే తెల్లారేసరికి దిగుతోందంటే గాలి లీకు, సబ్బునీళ్లు కొడితే బుడగలొస్తాయి. ఇంజన్ ఆన్‌లో ఉన్నా ఎత్తు తప్పుగానే ఉంటే మాత్రం నా అనుమానం కారు ఎత్తు కొలిచే హైట్ సెన్సర్ మీదే. సెన్సర్‌ని సస్పెన్షన్ ఆర్మ్‌కి (చక్రంతో పాటు పైకీ కిందకీ కదిలే చెయ్యి) కలిపే చిన్న కడ్డీ చూడమనండి, దాని జాయింట్ ఊడినా సెన్సర్ తప్పు ఎత్తే చెబుతుంది. కనెక్టర్ విప్పితే సముద్రపు గాలికి పిన్నుల మీద పచ్చగా చిలుము కనబడొచ్చు. చాలా కార్లలో సెన్సర్‌కి 5 వోల్టులు అందాలి, కడ్డీని మెల్లగా కదిపితే సిగ్నల్ వోల్టేజీ గెంతకుండా మారాలి, గెంతితే సెన్సర్ పోయినట్టే. కొత్తది వేశాక స్కానర్‌తో క్యాలిబ్రేషన్, అంటే సరైన ఎత్తు ఏదో కారు కంప్యూటర్‌కి కొత్తగా చెప్పడం, తప్పనిసరి. ఒట్టి జాకీ మీద ఉన్నప్పుడు ఎవరినీ కిందకి దూరనివ్వకండి, స్టాండ్లు పెట్టించండి.