కో-ఆప్ విద్యార్థుల గౌరవ సంఘంలో చేరవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నాడు. ఒక సెమిస్టర్ తరగతులు, మరో సెమిస్టర్ కంపెనీలో జీతంతో పని ఉండే కో-ఆప్ కోర్సు. కో-ఆప్ విద్యార్థుల కోసమే ఉన్న ‘కప్పా థీటా ఎప్సిలాన్’ గౌరవ సంఘం (ప్రతిభ చూపినవారిని ఎంచుకుని చేర్చుకునే సంఘం) వాడిని ఆహ్వానించింది. రుసుము కట్టి చేరితే ఉద్యోగానికి, వీసాకు ఉపయోగం ఉంటుందా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా మీ అబ్బాయికి అభినందనలు. ఆ ఆహ్వానం విశ్వవిద్యాలయంలో ఉన్న ఆ సంఘపు శాఖ నుంచే వచ్చిందని కో-ఆప్ కార్యాలయంలో నిర్ధారించుకున్నాక నిస్సంకోచంగా చేరమనండి.

ఇంజనీరింగ్ గౌరవ సంఘాల్లో పేరెన్నికగన్న టావ్ బీటా పై 1885లో లీహై విశ్వవిద్యాలయంలో పుట్టింది; మూడో సంవత్సరం విద్యార్థుల్లో మార్కుల ప్రకారం మొదటి ఎనిమిదో వంతులో నిలిచినవారినే అది పరిశీలిస్తుంది. అదే లీహైలో చదివి, అక్కడే బోధించిన హెర్మన్ ష్నైడర్, ఇంజనీరు కావలసినవాడు తరగతిలో ఎంత నేర్చుకోవాలో కార్ఖానాలోనూ అంత నేర్చుకోవాలని నమ్మి, 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 27 మందితో కో-ఆప్ విద్యను ప్రారంభించారు. ఆ విద్యార్థులు వారం విడిచి వారం తరగతికీ పనికీ మారుతూ ఉండేవారు. ఇలా చదివేవారి కష్టంలో సగం మార్కుల జాబితాకు ఎక్కదు కాబట్టి, చదువుతో పాటు పనినీ లెక్కలోకి తీసుకునే సంఘం వారికి అవసరమని నా దృఢమైన అభిప్రాయం. పైగా సెమిస్టర్ల తరబడి క్యాంపస్‌కు దూరంగా ఉండే ఈ పిల్లలు తిరిగి వచ్చేసరికి తోటివారు ముందుకు వెళ్లిపోయి ఉంటారు. తమలాంటి వారే ఉన్న చోట స్నేహాలు, ఏ కంపెనీలో పని ఎలా ఉంటుందన్న నిజమైన సమాచారం దొరకడం చిన్న విషయం కాదు.

ఉద్యోగం మాత్రం సభ్యత్వం వల్ల రాదు. రెజ్యూమెలో దానికి ఒక్క పంక్తి చాలు. కంపెనీలో తాను చేసిన పనినే అబ్బాయి వివరంగా రాయాలి.

వీసాకు దీనితో ఏ సంబంధమూ లేదు. అయితే కో-ఆప్ పనికి తీసుకునే సీపీటీ (చదువులో భాగంగా పని చేయడానికి విదేశీ విద్యార్థులకు ఇచ్చే) అనుమతి విషయంలో జాగ్రత్త అవసరం: పూర్తికాలపు సీపీటీ 12 నెలలు నిండితే అదే స్థాయి చదువుపై ఓపీటీకి (సాధారణంగా చదువు పూర్తయ్యాక ఆ రంగంలో కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతికి) అర్హత పోతుంది. వచ్చే పని సెమిస్టర్‌కు ఒప్పుకునే ముందే, ఇప్పటికి ఎన్ని నెలలయ్యాయో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో లెక్క చూపించుకోమనండి.