చలికి పిండి పులవట్లేదు, స్కూల్ బస్సు లోపు ఇడ్లీ ఎలా?

మీ పిండిలో లోపం లేదండీ, చలే కారణం. డిసెంబర్‌లో బెంగళూరు రాత్రులు 16 డిగ్రీల దాకా పడిపోతాయి. రాత్రి తొమ్మిదికి రుబ్బితే పొద్దున ఆరింటికి పొంగదు.

1. మినప్పప్పుతో పాటు చెంచాడు మెంతులు నానబెట్టండి.
2. సాయంత్రం ఆరుకల్లా రుబ్బేయండి.
3. చాలామంది వదిలేసేది ఇదే: గిన్నెను గ్రానైట్ గట్టు మీద ఉంచకండి, ఆ రాయి వేడిని లాగేస్తుంది. పెద్ద గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, అందులో పిండి గిన్నె పెట్టి దుప్పటి కప్పండి. పడుకునే ముందు నీళ్లు మార్చండి. పొద్దున మూత తీస్తే పిండి ఉబ్బి, పైన సన్నటి బుడగలు కనిపించాలి. అప్పుడు గరిటెతో తెగ కలపొద్దు, గాలి పోయి ఇడ్లీ గట్టిపడుతుంది.

అయినా పొంగలేదా? టెన్షన్ పడకండి. రాత్రే పెసలు నానేసి ఉంచుకుంటే, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి వెంటనే పెసరట్లు పోసేయొచ్చు. వాటికి పులవడం అక్కర్లేదు, పిల్లలకు కడుపూ నిండుతుంది.